కొత్త హ్యాండ్‌హెల్డ్ ముందు సరిగ్గా నిద్రపోవడం నేర్చుకోవాలి

కొత్త కంపెనీ ఒకటి చేతిలో పట్టుకుని ఆడుకునే హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ కన్సోల్ తెస్తే ఇప్పుడు అమ్ముడుపోతుందా, ఎలాంటి వ్యూహంతో దిగాలి అని అడిగారు. తప్పకుండా అమ్ముడుపోతుంది. కాకపోతే చిప్ వేగం, తెర సైజు అంటూ అందరూ కొట్టుకుంటున్న చోట కాదు. బటన్ నొక్కగానే ఆట ఆగాలి, మళ్లీ నొక్కితే ఆగిన చోటే మొదలవ్వాలి. సగం వ్యాపారం అక్కడే ఉంది.

అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రాత్రులు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కనే ఉన్నాను. నా దగ్గర విండోస్ మీద నడిచే హ్యాండ్‌హెల్డ్ ఉండేది, కంపెనీ పేరు వద్దులెండి. అమ్మ కునుకు తీస్తే పది నిమిషాలు, సెలైన్ అయ్యేలోపు పావుగంట, అలా ఆడేదాన్ని. ఒక రాత్రి ముక్కలు ముక్కలుగా రెండు గంటలు ఆడి బాస్, అంటే చివర్లో ఎదురయ్యే పెద్ద విలన్ దాకా వచ్చాను. ఇంతలో నర్సు మందుల చీటీ చేతిలో పెట్టింది. బటన్ నొక్కి, తెర నల్లబడిందని చూసుకుని, సంచిలో దుప్పటి కింద పెట్టి పరిగెత్తాను. గంట తర్వాత వచ్చి చెయ్యి పెడితే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతోంది. లోపల ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. దానంతట అదే మేలుకుంది! 70 శాతం ఉన్న ఛార్జింగ్ 9కి పడిపోయింది, ఆట మూసుకుపోయింది, సేవ్ లేదు. అక్కడున్న ఒక్క ప్లగ్గూ అమ్మ మిషన్‌కి పెట్టి ఉంది.

ఇంటికొచ్చిన వారంలో దాన్ని అమ్మేసి వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ తీసుకున్నాను. 2022 నాటి చిప్, తర్వాత వచ్చినవాటి ముందు నెమ్మదే. అయినా చెప్పినప్పుడు పడుకుంటుంది, లేపితే లేస్తుంది. నాకు అది చాలు.

ఇదేం కొత్త పాఠం కాదు. 1989లో నింటెండో హ్యాండ్‌హెల్డ్ గేమ్ బాయ్ రంగుల్లేని తెరతో వచ్చింది. నాలుగు పెన్సిల్ సెల్లు వేస్తే పది గంటలకు పైనే ఆడేది. మరుసటి ఏడు వచ్చిన సెగా గేమ్ గేర్‌కి రంగులున్నాయి, వెలుతురున్న తెర ఉంది, కానీ ఆరు సెల్లు నాలుగైదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి దగ్గరే ఆగింది.

ధర దగ్గర పొగరు పనికిరాదు. నింటెండో అంతటిదే 2011లో అమెరికాలో 3డీఎస్ అనే హ్యాండ్‌హెల్డ్‌ని 250 డాలర్లకు దింపి, ఐదు నెలలు తిరక్కుండానే 170కి తగ్గించింది. అదే ఏడాది జపాన్‌లో వచ్చిన సోనీ హ్యాండ్‌హెల్డ్ వీటాకి సోనీ సొంత మెమరీ కార్డే కొనాల్సి వచ్చేది, అదీ మామూలు కార్డుల కన్నా బాగా ఖరీదు. కొన్నవాళ్ల జేబు రెండోసారి కొట్టడమంటే నాకు ఒళ్లు మంట.

ఆటల విషయంలో నింటెండోతో తలపడొద్దు. 2025లో వచ్చిన వాళ్ల స్విచ్ 2 నాలుగు రోజుల్లో 35 లక్షలు పోయిందంటే జనం ఆ ఆటల కోసమే కొన్నారు. జనం దగ్గర ఇప్పటికే ఉన్న పీసీ ఆటలు ఆడనివ్వండి. 2025లో లెనోవో తన హ్యాండ్‌హెల్డ్ లీజియన్ గో ఎస్‌కి విండోస్ బదులు స్టీమ్ డెక్‌లో ఉండే స్టీమ్ ఓఎస్ పెట్టింది కదా, ఆ దారి పట్టండి. బొమ్మని నడిపించే స్టిక్కులకు మాత్రం అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లే వాడండి. నా పాతదాంట్లో ఎడమ స్టిక్ ఏడాదికే అరిగి, చెయ్యి తీసేసినా బొమ్మ పక్కకి నడిచేది.

పెట్టుబడిదారులకు చూపించే ముందు ఒక పని చెయ్యండి. ఆట మధ్యలో బటన్ నొక్కి, సంచిలో పడేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే తీసి ఛార్జింగ్ ఎంత మిగిలిందో చూడండి.