సీసీఎన్‌ఏ కోచింగ్ కన్నా ముందు ఇంట్లో ఓ గేట్‌వే

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నెట్‌వర్కింగ్‌లో స్థిరపడాలనుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్, మూలన పడేసిన డెస్క్‌టాప్ ఉన్నాయి. ఇప్పుడే సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) కోచింగ్‌లో చేరమంటారా?

జవాబు: ఆర్నెల్లు ఆగినా నష్టం లేదు. ముందు ఆ డెస్క్‌టాప్‌ను లినక్స్ గేట్‌వేగా (ఇంటి నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య ద్వారంగా) మార్చి, మీ ఫోన్, ల్యాప్‌టాప్ దాని గుండానే నెట్ వాడేలా చేయండి.

గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేకుండా వేసుకున్న డెబియన్ లినక్స్‌కు 1 జీబీ ర్యామ్ ఉన్నా చాలు. రెండో ల్యాన్ పోర్టు మాత్రం తప్పనిసరి. పాత మెషీన్లలో యూఎస్‌బీ 3.0 ఉండకపోవచ్చు కాబట్టి యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కన్నా పీసీఐ ఎక్స్‌ప్రెస్ గిగాబిట్ కార్డు మేలు. వైఫై కోసం పాత రౌటర్ ఉంటే అందులో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే సేవ) ఆపేసి, గేట్‌వే నుంచి వచ్చే కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టులో పెట్టండి, వ్యాన్ పోర్టులో కాదు.

గేట్‌వే బయటి పోర్టు ఫైబర్ బాక్సుకు, లోపలి పోర్టు మీ ఫోన్, ల్యాప్‌టాప్ వైపుకు. అది 192.168.1 వరసలో అడ్రసులిస్తుంటే లోపలి పోర్టుకు 192.168.50.1 ఇవ్వండి. రెండు వైపులా ఒకటే వరస ఉంటే ప్యాకెట్‌ను ఎటు పంపాలో లినక్స్ కెర్నల్‌కు తెలియదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. తర్వాత ఐపీ ఫార్వర్డింగ్ (ఒక పోర్టులో వచ్చిన ప్యాకెట్‌ను మరో పోర్టుకు పంపడం) విలువను 0 నుంచి 1కి మార్చి సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగుల) ఫైల్లో రాయండి, లేకపోతే రీబూట్‌తో పోతుంది. లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో బయటి పోర్టుకు మాస్కరేడ్ రూల్ పెట్టండి. లోపలి అడ్రసును గేట్‌వే బయటి అడ్రసుగా మార్చే నాట్ ఇదే. అడ్రసులు పంచే, డీఎన్‌ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రసుగా మార్చే సేవ) నడిపే డీఎన్ఎస్‌మాస్క్‌ను లోపలి పోర్టుకే పరిమితం చేయండి. బయటికి కూడా వదిలితే ఫైబర్ బాక్సు మీదున్న ఇంట్లోవాళ్ల ఫోన్లకూ అడ్రసులు పంచి అందరి నెట్టూ ఆపేసే ప్రమాదం ఉంది.

అసలు చదువు పాడైనప్పుడే. గేట్‌వే నుంచి పింగ్ వెళ్తోంది, ఫోన్ నుంచి వెళ్లట్లేదు అనుకోండి. బయటి పోర్టు మీద టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టూల్) పెట్టి చూడండి. ప్యాకెట్లు 192.168.50 అడ్రస్‌తోనే బయటికి పోతుంటే మాస్కరేడ్ పడలేదు. అసలేమీ కనపడకపోతే ఫార్వర్డింగ్ ఇంకా 0లో ఉంది, లేదా ఫైర్‌వాల్‌లోని ఫార్వర్డ్ చైన్ ప్యాకెట్లను డ్రాప్ చేస్తోంది (అదే మెషీన్లో కంటైనర్లు నడిపే డాకర్ వేసుకున్నా ఇలా అవ్వొచ్చు). 8.8.8.8కి (గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్) పింగ్ వెళ్లి సైట్ తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ చూడండి. ఫైబర్ బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి ప్యాకెట్లను అలాగే దాటించేలా) పెట్టి, పీపీపీఓఈ అనే ప్రొవైడర్ లాగిన్‌ను గేట్‌వే నుంచి మీరే డయల్ చేస్తే కొన్ని సైట్లు సగంలో ఆగిపోవచ్చు. పీపీపీఓఈ హెడర్‌కు 8 బైట్లు పోయి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 నుంచి 1492 అవుతుంది, అందుకే ఎంఎస్ఎస్‌ను (ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా) 1452కి తగ్గించాలి.

ఎన్‌ఓసీ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్), క్లౌడ్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో అడిగేవి ఇలాంటివే. అమెజాన్ క్లౌడ్‌లో లినక్స్ మెషీన్‌ను నాట్‌గా వాడినా పని ఇదే. అక్కడ అదనంగా సోర్స్/డెస్టినేషన్ చెక్ (ఆ మెషీన్ సొంత ప్యాకెట్లను తప్ప వేరేవాటిని రానివ్వని తనిఖీ) ఆపాలి, ఆపకపోతే పైవన్నీ సరిగా చేసినా ప్యాకెట్ కదలదు.

నాట్, డీహెచ్‌సీపీ సీసీఎన్‌ఏ సిలబస్‌లోనూ ఉన్నాయి. ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు పంచుకునే పద్ధతి), స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూప్‌లు రాకుండా చూసే పద్ధతి) మాత్రం ఈ సెటప్‌లో రావు. వాటికి సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ సిమ్యులేటర్ చాలు. ఆ రెండూ సొంతంగా కొరుకుడు పడకపోతే అప్పుడు కోచింగ్ ఫీజు కట్టండి. ఈలోగా ఫైబర్ బాక్సు వైఫైని ఆపకండి, మీ ప్రయోగాలకు ఇంట్లోవాళ్ల ఫోన్లు ఆగకూడదు.