ఫ్రేముకి 16 మిల్లీసెకండ్లే: వైద్య చిత్రాల ఏఐ బోర్డులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) వీడియోలో పాలిప్‌లను (పేగు గోడ మీది బుడిపెలను) గుర్తించే ప్రాజెక్టు చేస్తున్నాం. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన మోడల్‌ని జెట్‌సన్ ఓరిన్ నానో అనే చిన్న ఏఐ కంప్యూటర్ బోర్డు మీద పెడితే, పాలిప్ తెర మీంచి దాటిపోయాక దాన్ని చూపే బాక్సు పడుతోంది. పావుగంట గడిస్తే ఇంకా నెమ్మదిస్తోంది. బోర్డు 67 టాప్స్ (సెకనుకి 67 లక్షల కోట్ల లెక్కలు) అన్నారు కదా, ఎందుకిలా?
– బయోమెడికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఆ 67 అనేది ఇంట్8 (8 బిట్ల పూర్ణాంకాల) లెక్కల్లో, అత్యధిక పవర్ మోడ్‌లో, అదీ మోడల్ నేర్చుకున్న అంకెల్లో, అంటే వెయిట్లలో, ప్రతి నాలుగింటికీ రెండు సున్నాలైతే వచ్చే అంకె. మీ మోడల్ ఇంకా దాన్ని తయారుచేసిన పైటార్చ్ సాఫ్ట్‌వేర్‌లో, ఎఫ్‌పీ32 (32 బిట్ల దశాంశ) లెక్కల్లోనే నడుస్తుంటే దానితో మీకు పనే లేదు. మీరు పట్టుకోవాల్సిన అంకె 16.7. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దక్కేది అన్ని మిల్లీసెకండ్లే. 1080పీ ఫ్రేము ఆర్‌జీబీలో దాదాపు 6.2 మెగాబైట్లు. ఓపెన్‌సీవీ అనే చిత్రాల లైబ్రరీతో సీపీయూ మీద దాన్ని రెండు మూడు సార్లు కాపీ చేసి, రంగులు మార్చి, సైజు తగ్గించేసరికి మోడల్ మొదలవకముందే గడువు చాలావరకు అయిపోతుంది. అందుకే ముందు ఒక్కో దశకి ఎంత పడుతోందో విడివిడిగా కొలవండి. సగటు చూసి ఊరుకోకండి, 99వ పర్సెంటైల్ (వందలో 99 ఫ్రేములు ఎంతలోపు పూర్తవుతున్నాయో) చూడండి. డాక్టరుకి ఇబ్బంది కలిగించేది ఆ చివరి ఒక్క శాతమే.

బాక్సు ఆలస్యంగా పడటానికి ముఖ్య కారణం క్యూ. మోడల్ వెనకబడిన కొద్దీ పాత ఫ్రేములు వరసలో పేరుకుంటాయి. వీడియోని మోడల్‌కి అందించే జీస్ట్రీమర్ సాఫ్ట్‌వేర్‌లోని యాప్‌సింక్‌లో మ్యాక్స్-బఫర్స్ 1, డ్రాప్ ట్రూ అని పెట్టండి. పాత ఫ్రేము పోతే పోనివ్వండి, కొత్తది దొరకడం ముఖ్యం. చవక యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ వాడుతుంటే అదీ అనుమానించాల్సిందే. వీటిలో చాలావరకు వీడియోని ఎంజేపెగ్‌గా కుదించి పంపుతాయి, అక్కడే కొన్ని ఫ్రేముల ఆలస్యం వస్తుంది.

తర్వాత మోడల్‌ని ఆనెక్స్ అనే ఫైలు రూపంలోకి, అక్కణ్ణుంచి ఎన్‌విడియా జీపీయూ మీద వేగంగా నడిపే టెన్సర్‌ఆర్‌టీలోకి మార్చండి. అందులో వచ్చే ఫైలుని, అంటే ఇంజన్‌ని, ఆ బోర్డు మీదే తయారుచేయాలి. ల్యాప్‌టాప్‌లో చేసిన ఇంజన్ ఫైలు ఇక్కడ నడవదు, టెన్సర్‌ఆర్‌టీ వెర్షన్ మారినా మళ్లీ చేసుకోవాలి. మొదట ఎఫ్‌పీ16 (16 బిట్ల దశాంశ లెక్కలు)తో చూడండి. మామూలుగా నాణ్యత పెద్దగా తగ్గదు. గడువు అప్పటికీ చాలకపోతేనే ఇంట్8. దాని కాలిబ్రేషన్‌కి (ఇంట్8లోకి మార్చేముందు అంకెల పరిధి కొలిచే పనికి) శుభ్రమైన ఫొటోలు మాత్రమే ఇస్తే మోసపోతారు. బుడగలు, మలం, కడిగే నీళ్లు, మసక ఫ్రేములు, ఎన్‌బీఐ వెలుతురు (రక్తనాళాలు బాగా కనపడటానికి వేసే నీలి, ఆకుపచ్చ కాంతి), అన్నీ కలిపి కొన్ని వందల ఫ్రేములివ్వండి. ఇంట్8లో స్కోరు ముందుగా పడిపోయే అవకాశం ఉన్నవి చదునైన చిన్న పాలిప్‌లే, మనిషి కంటికి దొరకనివీ అవే. మొత్తం సగటు బాగుందని సంబరపడకుండా వాటిని విడిగా లెక్కించండి. అక్కడ తగ్గితే ఇబ్బందిపెట్టే లేయర్లను ఎఫ్‌పీ16లోనే ఉంచండి.

పావుగంటకి నెమ్మదించడం వేడి వల్లే అయ్యుంటుంది. బోర్డు సాఫ్ట్‌వేర్‌తో వచ్చే టెగ్రాస్టాట్స్ ప్రోగ్రామ్ నడుపుతూ ఉష్ణోగ్రత, జీపీయూ వేగం కలిపి గమనించండి. వేడి పెరగ్గానే వేగం పడిపోతుంటే అదే జబ్బు. ఫ్యానుకి గాలి అందని ప్లాస్టిక్ పెట్టెలో బోర్డుని బిగించకండి. అన్నట్టు, వీడియో రికార్డు కూడా చేస్తున్నారా? ఓరిన్ నానోలో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ (వీడియోని కుదించే ప్రత్యేక చిప్ భాగం) లేదు. ఆ భారమంతా సీపీయూ మీద పడుతుంది. రికార్డింగ్ తప్పనిసరైతే, అది ఉన్న ఓరిన్ ఎన్‌ఎక్స్ బోర్డుకి వెళ్లండి.

రంగుల సంగతీ చూసుకోండి. ఓపెన్‌సీవీ రంగుల్ని బీజీఆర్ (నీలం, ఆకుపచ్చ, ఎరుపు) వరసలో ఇస్తుంది, మోడల్ ఆర్‌జీబీతో నేర్చుకుని ఉంటే ఎర్రటి పేగు దానికి నీలంగా కనిపిస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు, పాలిప్‌లు మాత్రం తప్పిపోతుంటాయి. స్కోపు వీడియో ప్రాసెసర్ పాతదై 1080ఐ (గీతల్ని ఒకటి విడిచి ఒకటిగా రెండు విడతల్లో పంపే వీడియో) ఇస్తుంటే స్కోపు కదిలినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా చీలుతాయి, ముందే ఆ రెండు విడతల్నీ సరిచేసి కలిపే డీఇంటర్‌లేస్ చేయండి.

ప్రశ్న: మాది చిన్న డయాగ్నోస్టిక్ సెంటర్. ఛాతీ ఎక్స్‌రేలకి ఏఐ పెట్టుకోవాలంటే జీపీయూ కొనాలా? నెట్ తరచూ పోతుంటుంది.
– కరీంనగర్

జవాబు: అక్కర్లేదు. ఎక్స్‌రే కదిలే బొమ్మ కాదు, ఫలితం అయిదు సెకన్లు ఆలస్యమైనా నష్టం లేదు. మోడల్‌ని మామూలు ఇంటెల్ ప్రాసెసర్ మీదా వేగంగా నడిపే ఓపెన్‌వినోలోకి మార్చి, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు మినీ పీసీలో పెడితే చాలు. నెట్ లేకపోయినా నడుస్తుంది. జీపీయూకి పెట్టే డబ్బు మంచి యూపీఎస్ మీద పెట్టండి. ఒక్క జాగ్రత్త: డైకామ్ (వైద్య చిత్రాల ఫైలు రూపం) ఫైలులో మోనోక్రోమ్1 అని ఉంటే నలుపు తెలుపులు తారుమారై ఉంటాయి. దాన్ని తిప్పకుండా ఇస్తే మోడల్ చెప్పేదాన్ని నమ్మలేం.

ప్రశ్న: అల్ట్రాసౌండ్ యంత్రాల్లో ఇప్పటికీ ఎఫ్‌పీజీఏలు (లోపలి సర్క్యూట్‌ని కావలసినట్టు మార్చుకోగల చిప్‌లు) ఎందుకు? జీపీయూ చాలదా?
– ఎలక్ట్రానిక్స్ లెక్చరర్, తిరుపతి

జవాబు: ప్రోబ్‌లో 128 ఎలిమెంట్లు, ఒక్కోటి సెకనుకి 4 కోట్ల శాంపిళ్లు, 14 బిట్లు అనుకుంటే సెకనుకి సుమారు 72 గిగాబిట్లు వస్తాయి. అంత ప్రవాహాన్ని ఏడీసీల (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్‌ల) నుంచి నేరుగా అందుకుని, ప్రతి క్లాక్‌కీ తప్పకుండా, ముందే తెలిసిన సమయంలోనే కలపడం ఎఫ్‌పీజీఏకి సహజమైన పని. అక్కడ తగ్గిన డేటాని జీపీయూకి ఇచ్చి ఏఐ నడిపితే రెండింటి బలమూ దక్కుతుంది.

ప్రశ్న: మా బోర్డుని ఎండోస్కోపీ గదిలో పెట్టి చూడొచ్చా?
– స్టార్టప్ బృందం, హైదరాబాద్

జవాబు: రికార్డు చేసిన వీడియోలతో, గది బయట ఎంతైనా చూడండి. వాటికి కూడా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, రోగి పేరున్న అంచు కత్తిరించాలి. రోగి దగ్గరికి తెచ్చేముందు మాత్రం ఆగండి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం మన దేశంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరమే, సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) నిబంధనలు వర్తిస్తాయి. డెవలపర్ కిట్‌తో వచ్చిన అడాప్టర్ అక్కడ పనికిరాదు. వైద్య విద్యుత్ పరికరాల భద్రతా ప్రమాణమైన ఐఈసీ 60601-1 ప్రకారం లీకేజీ కరెంటు పరీక్ష దాటిన సరఫరా కావాలి.

తీగలు కలిపే పద్ధతి కూడా ముఖ్యం. స్కోపు వీడియో ప్రాసెసర్ నుంచి అసలు వీడియో నేరుగా డాక్టరు మానిటర్‌కే వెళ్లాలి. ప్రాసెసర్‌కి ఉన్న రెండో ఎస్‌డీఐ (వీడియో కేబుల్) అవుట్‌పుట్ నుంచి మీ బోర్డుకి ఇచ్చి, బాక్సులని పక్క మానిటర్ మీద చూపండి. బోర్డు మధ్యలో ఉంటే, అది హ్యాంగ్ అయిన క్షణాన పేగులో స్కోపు ఉన్న డాక్టరు ముందు తెర నల్లబడుతుంది. పరీక్షించేటప్పుడు కావాలనే బోర్డు ప్లగ్ పీకి చూడండి. డాక్టరు తెర మీద ఒక్క ఫ్రేమైనా తడబడితే వైరింగ్ మళ్లీ చేయాల్సిందే.