మాయ ఆయా కథకి పాటలు కట్టే ముందు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. మీ స్కూల్ వార్షికోత్సవానికి, గాలిలో ఎగిరొచ్చే మాయ ఆయా మేరీ పాపిన్స్ కథని పాటల నాటకంగా వేయిస్తున్నావంటే చాలా సంతోషం వేసింది. మంచి కథ పట్టుకున్నావు. కానీ అమెరికన్ సినిమా బాణీలకే తెలుగు మాటలు కూరుస్తానన్నావు చూడు, అక్కడ ఆగు. ఆ సినిమా గొప్పదే. 1964లో వచ్చి ఐదు ఆస్కార్లు గెలిచింది, పిల్లలు ఇప్పటికీ చూస్తారు. అందుకే వద్దంటున్నాను. ఆ బాణీ మొదలవగానే హాల్లో వాళ్ళకి ఆ సినిమా గుర్తొస్తుంది, స్టేజీ మీదున్న నీ పిల్లలు కనిపించరు. పైగా ఇంగ్లీషు పాట నడక తెలుగు మాటకి సరిపోదు. మన మాట అచ్చుతో ముగుస్తుంది, సాగుతుంది. వాళ్ళ పాట హల్లు మీద టక్కున ఆగుతుంది. ఆ ఆగడం కోసం మాటని విరిచావంటే పాడే పిల్లకీ అర్థం కాదు, వినే తల్లికీ అర్థం కాదు.

బాణీల జోలికి వెళ్ళే ముందు ఒక పని చెయ్యి. ఇదే కథని సోవియట్ యూనియన్‌లో టీవీ కోసం సంగీత చిత్రంగా తీశారు. పేరు "మేరీ పాపిన్స్, దో స్విదానియా", అంటే "మేరీ పాపిన్స్, వెళ్ళిరా" అని. 1983లో మోస్‌ఫిల్మ్ స్టూడియోలో తయారైంది, రెండు భాగాలు. దర్శకుడు లియొనీద్ క్వినిఖీద్జే, సంగీతం మక్సీమ్ దునయేవ్‌స్కీ, పాటలు రాసింది నఊమ్ ఓలెవ్. 1984 జనవరి 8న మొదటిసారి టీవీలో వచ్చింది. అప్పుడు మీ పెదనాన్న అనువాదాల పని మీద మాస్కోలో ఉండేవారు, నేనూ అక్కడే ఉన్నాను. బయట మంచు, లోపల పక్కింటి పిల్లలతో సహా అందరం టీవీ ముందు. ఆ తర్వాత మా బిల్డింగ్ పిల్లలు మెట్లు దిగుతూ అందులోని ముప్ఫై మూడు ఆవుల పాట పాడని రోజు లేదు.

నీకు రష్యన్ రాకపోయినా ఫరవాలేదు, కథ తెలుసు కదా. మొదట మామూలుగా చూసెయ్యి. తర్వాత కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని మళ్ళీ చూడు. ప్రతి పాట దగ్గరా ఆపి, పాటకి ముందు ఆ మనిషి మనసు ఎలా ఉంది, పాట అయ్యాక ఎలా మారింది అని రాసుకో. మార్పు ఏమీ లేని పాట ఉత్త అలంకారం. నీ నాటకంలో అలాంటిది ఒక్కటి ఉంటే చాలు, రెండోది పెట్టకు.

అందులో నీకు ముందుగా కనిపించేది, ఆ కథని వాళ్ళు ఎంత ధైర్యంగా తమ కాలానికి తెచ్చుకున్నారో అన్నది. ఈ కథలు రాసిన పి. ఎల్. ట్రావర్స్ మొదటి మేరీ పాపిన్స్ పుస్తకం 1934లో వచ్చింది. అమెరికన్ సినిమా కథని 1910కి, ఇంకా వెనక్కి తీసుకెళ్ళింది. మాస్కో వాళ్ళు మాత్రం లండన్‌ని లండన్‌గానే ఉంచి, కాలాన్ని మాత్రం సినిమా తీస్తున్న రోజులకి జరిపారు. ఎలక్ట్రిక్ గిటార్లు, సింథసైజర్లు, అప్పటి కుర్రకారు వేసుకునే బట్టలు. దునయేవ్‌స్కీ తండ్రి ఇసాక్ కూడా వెనకటి సోవియట్ సంగీత చిత్రాలకి పేరుమోసిన సంగీతకర్త. కొడుకు తండ్రి దారి పట్టలేదు, తన ఈడు వాళ్ళు వినే సంగీతమే పిల్లల కథకి వాడాడు. నువ్వూ అంతే చెయ్యి. కథ జరిగే చెర్రీ ట్రీ లేన్ 17వ నంబరు ఇల్లు అలాగే ఉండనీ, పిల్లల నాన్న బ్యాంక్స్ గారి పేరు మార్చకు, ఆయనకి పంచె కట్టించకు. పరాయి ఊరి కథ వింటున్నామన్న సరదా పిల్లలకి దక్కాలి. పాట మాత్రం మీ స్కూల్ పిల్లలు రోజూ వినే లయలో, వాళ్ళ మాటల్లో ఉండాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు మెసేజ్‌లో "అల్లరి పిల్లల్ని ఒక మాయ ఆయా వచ్చి బాగుచేసే కథ" అన్నావు. కాదమ్మా. బాగుపడాల్సింది పెద్దవాళ్ళు. ఆ పుస్తకంలో జాన్, బార్బరా అని కవలలు ఉంటారు. ఇంకా పళ్ళు రాని పసివాళ్ళు. కిటికీ దగ్గరకి వచ్చే గోరువంక మాటలు, గాలి మాటలు, ఎండ మాటలు అన్నీ వాళ్ళకి అర్థమవుతుంటాయి. పెద్దయ్యాక మర్చిపోతారర్రా అంటే, మేం మర్చిపోం అంటారు. పళ్ళు వస్తాయి, మర్చిపోతారు. గోరువంక వచ్చి పలకరిస్తే వాళ్ళకి అది ఉత్త పిట్ట కూత. అందరిలోకీ మర్చిపోని మనిషి మేరీ ఒక్కతే. కథ మొత్తానికి ప్రాణం అక్కడుంది. పోగొట్టుకున్నవాళ్ళు పెద్దలు, ఇంకా చేతిలో ఉన్నవాళ్ళు పిల్లలు, రెంటికీ మధ్య నిలబడ్డ మనిషి ఆ ఆయా.

సోవియట్ చిత్రం ఆ ప్రాణాన్ని గట్టిగా పట్టుకుంది. చివరికి ఆ వీధిలోని పెద్దవాళ్ళందరినీ మేరీ తమ చిన్నతనంతో కలిపిస్తుంది. గాలి మీద పాట ఒకటి ఉంది, అందులో భూమి చిన్నప్పటి రంగులరాట్నంలా తిరుగుతుంటుంది. ఎన్నో రకాల గాలులు వీస్తాయి, పోగొట్టుకున్నవాటి గాలులు కూడా. కావలసింది మాత్రం మార్పు తెచ్చే గాలి. అది పిల్లల పాట కాదు, టీవీ ముందు కూర్చున్న నాన్నల పాట. అందుకే ఆ చిత్రం పిల్లలతో పాటు పెద్దల్నీ పట్టుకుంది. నీ హాల్లోనూ సగం మంది తల్లిదండ్రులే ఉంటారు. తమ పిల్ల స్టేజీ ఎక్కగానే ఫోన్ ఎత్తి వీడియో తీసుకుంటారు, దిగిపోగానే దించేస్తారు. వాళ్ళకోసం ఒక్క పాట రాయి. బ్యాంక్స్ గారి చేత పాడించు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఎవడైనా, గొంతు మారుతున్నవాడైతే ఇంకా మంచిది, గంభీరంగా నిలబడి "నేను చిన్నప్పుడు ఏం ఆడేవాణ్ణి" అని గుర్తు చేసుకోవాలి. నవ్వించడానికి ప్రయత్నించొద్దు. నెమ్మదిగా పాడితే చాలు.

మేరీని తియ్యగా చెయ్యకు. అందరూ చేసే పని అదే. పుస్తకంలో ఆవిడ కరుకు. అద్దం కనిపిస్తే తనని తాను చూసుకుని మురుస్తుంది. ఏదీ వివరించి చెప్పదు. మీరు ఎగిరారు కదా అని పిల్లలు అడిగితే, నేనా, అని కోప్పడుతుంది. రష్యన్ చిత్రంలో నతాల్యా అంద్రేయ్‌చెంకో మేరీగా వేసింది. తాను లోపమన్నది లేని మనిషినని పాడుకునే పాట ఉంది, "లేడీ పర్‌ఫెక్షన్" అనే మాట చుట్టూ అల్లింది, మొదటి భాగానికి పేరు కూడా అదే. ఆ పాటలో గర్వం ఉంటుంది, దాని వెనక నమ్మకం ఉంటుంది. పిల్లలకి కావలసింది ఆ నమ్మకమే. అస్తమానం బుగ్గలు పుణికే ఆయా వెంట ఎవరూ వెళ్ళరు. తను చేసే పని తనకి వచ్చని తెలిసిన మనిషి వెంట వెళ్తారు. నీ మేరీకి నడుము నిటారుగా పెట్టడం, కనుబొమ్మ ఎత్తడం నేర్పు, నవ్వు చివర్లో ఒక్కసారి చాలు.

మిస్ ఆండ్రూ పాత్ర తప్పకుండా పెట్టు. బ్యాంక్స్ గారిని చిన్నప్పుడు హడలగొట్టిన ఆయా ఆవిడ. మేరీ ఎవరో తెలియాలంటే ఎదురుగా ఆవిడ ఉండాలి. మాస్కోలో ఆ పాత్ర ఒలేగ్ తబకోవ్ వేశాడు, అక్కడ ఎంతో పేరున్న నటుడు. మగవాడు ఆడవేషం వేస్తే వింతగా చూడటానికి మనకేముంది, స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మా అమ్మ కథలు కథలుగా చెప్పేది. తబకోవ్ వేషంలో నాకు నచ్చింది, నవ్వు పుట్టించినా భయం పోనివ్వకపోవడం. మీ పదో తరగతిలో పొడుగాటి కుర్రాడు ఉంటే అతనికియ్యి. వెకిలి చేష్టలు మాత్రం చెయ్యనివ్వకు. ఆవిడ రాగానే స్టేజీ మీద పిల్లలు నిజంగా బిగుసుకుపోతే హాలు తనంతట తనే నవ్వుతుంది.

పాడగలిగే పిల్ల నటించలేదు, నటించే పిల్లకి శ్రుతి నిలవదు, టెన్షన్‌గా ఉందన్నావు. దీనికీ జవాబు ఆ చిత్రంలోనే ఉంది. అంద్రేయ్‌చెంకో పాటలు ఆమె పాడలేదు, తత్యానా వోరొనినా పాడింది. మిస్టర్ ఏయ్ అనే పాత్ర వేసిన లెంబిత్ ఉల్ఫ్‌సాక్ ఎస్టోనియా నటుడు, ఆయన పాటలకి గొంతు పావెల్ స్మెయాన్‌ది. మన సినిమాల్లో ఎప్పటి నుంచో ఉన్న ప్లేబ్యాకే. నువ్వు రికార్డు చేసిన ట్రాక్ మీద పెదవులు కదిలించే పని మాత్రం పెట్టకు, పిల్లలకి అది కుదరదు, ఒక్క క్షణం తప్పినా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కూచిపూడి పద్ధతి తీసుకో. పాడేవాళ్ళు స్టేజీకి ఒక పక్క అందరికీ కనిపించేలా కూర్చోవాలి, ఆడేవాళ్ళు మధ్యలో ఆడాలి. ఎవరు పాడుతున్నారో దాచొద్దు. పాడే పిల్లల తల్లిదండ్రులకీ తమ బిడ్డ కనిపిస్తుంది. పాడేవాళ్ళకి రెండు స్టాండ్ మైకులు, మాటలు చెప్పేవాళ్ళలో మేరీకీ బ్యాంక్స్‌కీ కాలర్ మైకులు చాలు.

శ్రుతి విషయం. హార్మోనియం వాయించే మాస్టారు తన గొంతుకి వీలైన ఒకటో శ్రుతిలో మొదలుపెట్టేస్తారు, పిల్లలు అడుగున గొణుగుతారు. ఐదు, ఐదున్నర మధ్య పెట్టమను. బాణీ ఒక స్థాయిలోనే తిరగాలి, పైకి ఒకటి రెండు స్వరాలు దాటితే కీచుమంటుంది. పాట మూడు నిమిషాలు మించకూడదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి హాల్లోని చిన్నపిల్లలు గొంతు కలపగలిగితే బాణీ కుదిరినట్టు.

ఆ ముప్ఫై మూడు ఆవుల పాటని ఈ దృష్టితో విను. అర్థం లేని పాటలాగే ఉంటుంది, కానీ లెక్క, ఆవులు, తాజా పాలు అన్నీ లయకి దొరికిపోతాయి. మనకి ఇలాంటివి కొదవా? చెమ్మచెక్క చారడేసి మొగ్గ, కాళ్ళాగజ్జా కంకాళమ్మ, ఇవన్నీ ఆ జాతివే. వాటిని అలాగే తెచ్చి పెట్టకు, ఆ నడక మాత్రం తీసుకుని కొత్త మాటలు కట్టు. మాటలు నువ్వొక్కదానివే కూర్చుని రాయకు. నాలుగో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిస్తూ వాళ్ళ చేత చెప్పించు. పెద్దవాళ్ళకి తట్టని మాటలు వాళ్ళ నోట్లోంచి రాలిపడతాయి.

పుస్తకమంతా ఎక్కించాలని చూడకు. అది విడివిడి సంఘటనల దండ, ఒకే కథ కాదు. తూర్పుగాలికి వస్తుంది, పడమటిగాలి వీచాక వెళ్ళిపోతుంది, ఆ రెండూ ఉంచి మధ్యలో మూడు సంఘటనలు తీసుకో. గాలికి ఒక చిన్న బాణీ కట్టు, వేణువు మీద నాలుగు స్వరాలు చాలు. రాకకి అదే, పోకకి అదే. ఎగరడానికి తాళ్ళూ కప్పీలూ వద్దు, ప్రమాదం. గొడుగు తెరిచి మునివేళ్ళ మీద నిలబడితే, వెనక నలుగురు పిల్లలు పెద్ద గుడ్డ ఊపితే చూసేవాళ్ళు ఎగిరిందనే నమ్ముతారు.

రిహార్సల్స్‌కి కనీసం ఆరు వారాలు కావాలి. మొదటి రెండు వారాలూ పాటలే. డైలాగులు ముట్టుకోకు. పాట నోటికి వచ్చిన పిల్లకి పాత్ర సగం వచ్చేసినట్టే.

ఇంకొకటి, హక్కుల సంగతి, తేలిగ్గా తీసుకోకు. ట్రావర్స్ 1996లో పోయారు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు హక్కులుంటాయి, అంటే 2056 చివరిదాకా. సినిమా పాటలకి, దునయేవ్‌స్కీ బాణీలకి హక్కుదారులు వేరే ఉన్నారు, అందుకే అవీ ఎత్తుకోవద్దు. స్కూల్ కార్యక్రమంగా టీచర్లూ విద్యార్థులూ ప్రదర్శిస్తే, చూసేవాళ్ళు కూడా వాళ్ళూ వాళ్ళ తల్లిదండ్రులూ స్కూలుకి సంబంధించినవాళ్ళే అయితే, మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. టికెట్లు పెట్టి బయటివాళ్ళని పిలిచినా, మీ స్కూల్ వాళ్ళు యూట్యూబ్‌లో పెట్టినా ఆ మినహాయింపు వర్తిస్తుందని అనుకోకు. ప్రిన్సిపాల్ గారికి ఈ మాట ఇప్పుడే చెప్పు, ఫంక్షన్ అయ్యాక కాదు. పెట్టాలనే పట్టుబడితే ముందుగా రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోమను.

ముందుగా బ్యాంక్స్ గారి పాట రాయి. అది కుదిరితే మిగతావి దాని వెనకే వస్తాయి. పల్లవి, ఒక చరణం అయ్యాక నీ గొంతుతోనే పాడి నాకు పంపు, సంగీతం ఏమీ లేకుండా. ఆదివారం పొద్దున్న నేను ఖాళీగానే ఉంటాను, ఫోన్లో కూర్చుని దిద్దుకుందాం. మీ అమ్మని అడిగానని చెప్పు.

నీ పెద్దమ్మ