తలంబ్రాలు ఎందుకు తడబడుతున్నాయి?

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఇంటి వేడుకల వీడియోలన్నీ విండోస్ మూవీ మేకర్‌లోనే కూర్చుకుంటున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లో అది లేదు. పాతదానిలో మా చెల్లెలి పెళ్లి వీడియో ఎడిట్ చేస్తూ తలంబ్రాల ఘట్టాన్ని నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే బొమ్మ ఆగి ఆగి కుదుపులతో నడిచింది. సినిమాల్లోలా మెత్తగా సాగాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌కు మారాలి? కొత్త ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: సాఫ్ట్‌వేర్ మారాల్సిందే, కానీ మీరనుకుంటున్న కారణంతో కాదు. మూవీ మేకర్‌కు మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలోనే మద్దతు ఆపేసింది. దాన్ని ఇంకా పట్టుకుని వేలాడటం మంచిది కాదు. అయితే ఆ కుదుపుల పాపం మాత్రం దానిది కాదు, వీడియో తీసినప్పుడే అవి ఖాయమైపోయాయి.

ఫోను మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడి బొమ్మలు, తీస్తుంది. వేగాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే ఆ 30 ఫ్రేములే నాలుగు సెకన్లకు సరిపోవాలి. అందుకని సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేమును నాలుగుసార్లు చూపిస్తుంది. అంటే సెకనుకు మీకు కనబడే కొత్త బొమ్మలు ఏడో ఎనిమిదో. పదిమందికి వండిన అన్నాన్ని నలభైమందికి వడ్డిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతోంది.

సినిమావాళ్లు ముందే ఎక్కువ వండుకుంటారు. కెమెరాను చేత్తో తిప్పే మూకీల రోజుల్లో పిడిని గబగబా తిప్పి తీసి, తెరమీద మామూలు వేగంతో నడిపించేవారు. మనిషి గాల్లో తేలినట్టు కనిపించేవాడు. ఈ స్లోమోషన్ కోసం అద్దాలతో పనిచేసే ఒక యంత్రానికి 1904లో పేటెంటు తీసుకున్న అగస్ట్ ముస్గర్ ఆస్ట్రియాలో ఒక చర్చి ఫాదరీ కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఆ పిడి మీ ఫోనులోనే ఉంది. సెకనుకు 120 ఫ్రేములతో తీసి, ఎడిటింగ్‌లో 30 ఫ్రేముల టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) మీద 25 శాతం వేగానికి తగ్గించండి. ప్రతి ఫ్రేమూ అసలైనదే, కుదుపన్న మాట ఉండదు. 240తో తీస్తే ఎనిమిది రెట్లు నెమ్మదించవచ్చు. కాకపోతే రెండు చిక్కులున్నాయి. ఒకటి వెలుతురు. 240లో ఒక్కో ఫ్రేముకు దక్కేది సెకనులో 240వ వంతు సమయమే కాబట్టి రాత్రి ముహూర్తాల్లో బొమ్మ మసకబారి చుక్కలు చుక్కలుగా వస్తుంది. రెండోది మినుకుమినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువలవుతుంటాయి. మామూలు వీడియోలో తెలియని ఆ ఊగిసలాట స్లోమోషన్‌లో బయటపడుతుంది. మండపంలో సీరియల్ లైట్లుంటే ఇక చెప్పనక్కర్లేదు. రాత్రి పెళ్లయితే ఫోను కెమెరా ప్రో మోడ్‌లో 60 ఫ్రేములు, షట్టర్ 1/100 పెట్టి తీయండి. అంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో వందో వంతు వెలుతురు, దీపం ఒక ఊగుకు పట్టే సమయమూ అంతే. మినుకు చాలావరకు పోతుంది. సగం వేగమే దక్కుతుంది కానీ, తలంబ్రాలకు అది చాలు.

మరి ఇప్పటికే తీసేసిన పెళ్లి సంగతి? చెల్లెలికి మళ్లీ తలంబ్రాలు పోయించలేరు కదా! ఇక్కడ పనికొచ్చేది ఆప్టికల్ ఫ్లో. రెండు ఫ్రేముల్లో ఏ భాగం ఎటు కదిలిందో లెక్కగట్టి, మధ్యలో లేని బొమ్మలను కంప్యూటరే ఊహించి గీస్తుంది. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనూ ఇది ఉంది. క్లిప్ వేగం తగ్గించి, ఇన్‌స్పెక్టర్‌లోని ‘రీటైమ్ ప్రాసెస్’ దగ్గర ‘ఆప్టికల్ ఫ్లో’ ఎంచుకుంటే సరి. కానీ రిజాల్వ్‌కు 16 జీబీ ర్యామ్, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు కావాలి. మీ ల్యాప్‌టాప్ మీద దాన్ని ఎక్కించమని నేను చెప్పను.

మీకు షాట్‌కట్ నయం. ఉచితం, తేలిక. అందులో క్లిప్‌ను తెరిచి, ప్రాపర్టీస్ మెనూలో ‘కన్వర్ట్ టు ఎడిట్-ఫ్రెండ్లీ’కి వెళ్లండి. అడ్వాన్స్‌డ్ భాగంలో ఫ్రేమ్ రేటును 60గా మార్చి, మార్పిడి పద్ధతిగా ‘మోషన్ కాంపెన్సేషన్’ ఎంచుకోండి. ఇదీ మధ్య బొమ్మలను ఊహించి గీసే పద్ధతే. చాలా నెమ్మదిగా సాగే పని. కావలసిన పది సెకన్ల ముక్కను ముందే విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, దానికే ఇది చేయండి. తర్వాత 30 ఫ్రేముల ప్రాజెక్టులో సగం వేగానికి తగ్గించండి. అంతకంటే తగ్గించాలనే ఆశ వద్దు. సగం వేగంలో ఒక్కో అసలు ఫ్రేముకు ఒక్కో ఊహా ఫ్రేమే పడుతుంది. నాలుగో వంతుకు వెళితే మూడు పడతాయి, అప్పుడు తప్పులు కంటికి తెలుస్తాయి.

అసలు తలంబ్రాలే ఈ పద్ధతికి అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. వందల గింజలు, అన్నీ ఒకే పోలిక, ఒక్కోటి ఒక్కో దిక్కుకు. ఏ గింజ ఎటు పోయిందో కంప్యూటర్‌కు అంతుపట్టక వాటిని పాకంలా సాగదీస్తుంది. మొహాలు, చేతులు, పట్టుచీర అంచు బాగానే వస్తాయి. అందుకే గింజలు కురిసే క్షణాన్ని మామూలు వేగంతోనే వదిలేసి, దోసిలి పైకి లేచేటప్పుడూ, తర్వాత నవ్వుకునేటప్పుడూ మాత్రం నెమ్మదించండి. చూసేవాళ్లకు మొత్తం స్లోమోషన్‌గానే గుర్తుండిపోతుంది. నెమ్మదించిన చోట అసలు శబ్దాన్ని తీసేసి, మామూలు వేగంతో ఉన్న మరో క్లిప్‌లోని నాదస్వరాన్ని పరచండి. లేకపోతే పురోహితుడి గొంతు గుహలోంచి వచ్చినట్టుంటుంది.

స్లోమోషన్ అక్కర్లేదు, ముక్కలు కోసి అతికిస్తే చాలనుకున్న రోజున విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ సరిపోతుంది. ఉచితంగా 1080పీ వరకు ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.

ప్రశ్న: మూవీ మేకర్‌లోని పాత ప్రాజెక్టు ఫైళ్లను కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరవవచ్చా? కాపీ చేస్తే ఒక్కోటి కొన్ని కేబీలే ఉంటోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తెరవలేరు. ఆ సైజే మీకు అసలు సంగతి చెబుతోంది. అందులో వీడియో లేదు, ఏ ఫోల్డరులోని ఏ క్లిప్‌ను ఎక్కడ కోయాలో రాసుకున్న చిట్టా మాత్రమే ఉంది. పాత కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడే ఒక్కో ప్రాజెక్టునూ తెరిచి పూర్తి వీడియోగా ఎంపీ4లో సేవ్ చేసుకోండి. అసలు క్లిప్పులనూ వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోండి. ఆ తర్వాతే పాతదాన్ని ఎవరికైనా ఇవ్వండి.

ప్రశ్న: ఫోను వీడియోను ఎడిట్ చేస్తే మొదట్లో బాగానే ఉంటుంది, పది నిమిషాల తర్వాత మాటలూ పెదవులూ కలవడం లేదు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును ఒకేలా ఉంచవు. వెలుతురు తగ్గితే 30 కాస్తా 27 అవుతుంది, మళ్లీ పెరుగుతుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అంతటా 30 అనే లెక్కేసుకుంటాయి కాబట్టి తేడా కొద్దికొద్దిగా పేరుకుపోతుంది. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌కు వెళ్లి, 30 ఎంచుకుని, ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ మీద చుక్క పెట్టి ఒకసారి మార్చుకోండి. ఎడిటింగ్ ఆ కొత్త ఫైలు మీద చేయండి.