చెరువు పక్కన పచ్చిక పట్టీ వేసేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పార్కింగు మీద పడ్డ వాననీటితో మట్టీ నూనే చెరువులోకి పోకుండా, ఆ రెంటి మధ్య పచ్చిక పట్టీ వేస్తున్నామని రాశావు, సంతోషం. కానీ నువ్వు అడిగినవన్నీ గడ్డి గురించే. గడ్డి తర్వాత చూద్దాం. ముందు నీరు ఆ పట్టీ మీదికి ఎలా దిగుతుందో తేల్చుకో.

మీ పార్కింగు అంచు 30 మీటర్లు, వాలు దిక్కున 20 మీటర్లు. ఇది కలిసొచ్చింది. వాలు దిక్కున 23 మీటర్లు దాటితే నీరు తారు మీదే పాయలు కట్టడం మొదలుపెడుతుంది. గంటకు 30 మి.మీ. వాన పడి, అందులో 90 శాతం పారిందనుకో. అంచు మీటరుకు సెకనుకు 0.15 లీటరు దిగుతుంది. పట్టీ వాలు 3 శాతం, గుబురు గడ్డికి మానింగ్ గుణకం (నీటి పరుగుకు నేల గరుకు ఎంత అడ్డో చెప్పే అంకె) 0.24 వేసి లెక్కగడితే నీటి లోతు సుమారు 6 మి.మీ., వేగం సెకనుకు రెండున్నర సెం.మీ. లోపు. 7.5 మీటర్ల పట్టీ దాటడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఒండ్రు గడ్డిలో దిగబడాలంటే ఆ మాత్రం వ్యవధి కావాలి. 4.5 మీటర్లకు కుదిస్తే మూడు నిమిషాలే మిగులుతాయి. స్థలం లేదని ఓనరు ఎంత గొణిగినా ఆ 4.5 మీటర్ల కంటే తగ్గకు.

ఆ 6 మి.మీ. సంగతి మరిచిపోకు. అంచులో ఎక్కడైనా ఒక్క సెం.మీ. పల్లం ఉంటే చుట్టుపక్కల నీరంతా అక్కడికే లాక్కుపోతుంది. గంటకు 100 మి.మీ. వాన పడినా, సమంగా పరుచుకుంటే లోతు 13 మి.మీ. దాటదు, గడ్డికి ఏమీ కాదు. అదే వానలో మొత్తం అంచు నీరు ఒక్కచోట దిగితే సెకనుకు 15 లీటర్లు. మట్టి కోసుకుపోయి కాలువ పడుతుంది, తర్వాతి వానలన్నీ ఆ కాలువలోంచే చెరువులోకి పోతాయి. మిగతా పట్టీ పచ్చగా, అందంగా, దేనికీ పనికిరాకుండా ఉంటుంది.

అందుకే తారు అంచు పొడవునా 30 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. లోతు కందకం తవ్వించి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) పరిచి, కడిగిన 20 మి.మీ. కంకర నింపించు. మట్టం కంటితో చూసి సరే అనకు. లెవెల్ పైపుతో ప్రతి 3 మీటర్లకూ పట్టి చూడు. కందకం అవతల గడ్డి నేల తారు కంటే కనీసం 5 సెం.మీ. కిందికి ఉండాలి. ఎందుకంటే ఒండ్రు పేరుకునీ, గడ్డి దుబ్బు కట్టీ నేల ఏటా కొంచెం లేస్తుంది. తారుతో సమానంగా మొదలుపెడితే కొన్నాళ్లకు అదే అడ్డుకట్టయి నీళ్లను పక్కకు మళ్లిస్తుంది. మేస్త్రీ అలవాటుకొద్దీ తారు అంచున కర్బు, అంటే నీటికి అడ్డుపడే సన్న గట్టు, కట్టేస్తాడు, దగ్గరుండి చూసుకో. కార్లు గడ్డిలోకి దిగకుండా విడివిడిగా టైరు దిమ్మెలు చాలు.

పట్టీ వాలు 2 నుంచి 6 శాతం మధ్య ఉంచు. తక్కువైతే నీరు నిలిచి దోమలు, ఎక్కువైతే నీటి ఉరుకు.

మీది నల్లరేగడి అన్నావు. తడిస్తే నీరు ఇంకదు, ఎండితే నెర్రెలిచ్చి నీరు వాటిలోంచి జారుకుంటుంది. పైగా జేసీబీ తిరిగి గట్టిపడి ఉంటుంది. 30 సెం.మీ. లోతు దున్నించి, పైన 20 సెం.మీ. ఎర్రమట్టి పోయించు. బాగా మాగిన కంపోస్టు కొద్దిగా కలిపితే చాలు. డీఏపీ, యూరియా జోలికి పోకు. చెరువులో గుర్రపుడెక్కకు మనమే మేత వేసినట్టవుతుంది.

గడ్డికి మన గరికే మేలు. తొక్కుడుకీ ఎండకీ తట్టుకుంటుంది, నేలనంటి అల్లుకుంటుంది. పిలకలు 10 సెం.మీ. ఎడంతో నాటించు. కింది చివర కాంటూరు (ఒకే మట్టంలో ఉండే గీత) వెంట వట్టివేరు ఒక వరుస, 10–15 సెం.మీ. ఎడంతో, మధ్యలో ఎక్కడా తెగకుండా పెట్టించు. గడ్డి నేలంతా కమ్మేదాకా పార్కింగు నీళ్లను ఇసుక బస్తాలతో పక్కకు మళ్లించు. జూన్ వానలకు ముందే ఈ పని ముగియాలి. గడ్డిని 7 సెం.మీ. కంటే పొట్టిగా కోయనివ్వకు. కోసిన గడ్డిని అక్కడే వదిలేయకుండా ఎత్తించు.

ఇంకొకటి, ఓనరుకు ముందే చెప్పు. పట్టీ ఆపేది మట్టిని, టైరు పొడిని, వాటికి అంటుకున్న నూనెనీ లోహాలనీ. నీళ్లలో కరిగిపోయిన నత్రజని, భాస్వరం చాలావరకు దాటిపోతాయి. చెరువులో డ్రైనేజీ మురుగు కలుస్తోందేమో ముందే చూసుకో. కలుస్తుంటే పట్టీ ఖర్చు వృథా.

మొదటి పెద్దవానకు గొడుగేసుకుని అంచు వెంట నడువు. నీరు ఎక్కడ గుమిగూడుతోందో ఎండలో చూస్తే తెలియదు. కంకర పక్కన ఒండ్రు 3 సెం.మీ. చేరగానే పారతో తీయించి, మట్టం మళ్లీ పట్టించు.

తారు అంచు, గడ్డి మొదలు, వట్టివేరు వరుస, ఈ మూడింటి మట్టాలూ రాసి డ్రాయింగు పంపు. అందులో కర్బు గీసి ఉంటే కొట్టేసి మరీ పంపు.

మీ మామయ్య