డర్హమ్‌లో మొదటి కాన్పు: ఇంటికొచ్చే నర్సును రానివ్వాలా, వద్దా?

రానివ్వండి. మా పాప పుట్టినప్పుడు మేమూ అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఈ డర్హమ్‌లోనే ఉన్నాం. ఆ నర్సు మా ఇంటికీ వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మీరడిగింది ఇదీ: కాన్పు దగ్గర పడింది. బిడ్డకు మూడు వారాలప్పుడు ఫ్యామిలీ కనెక్ట్స్ అనే కార్యక్రమం నుంచి నర్సు ఇంటికొస్తుందని ఆస్పత్రిలో చెప్పారు. పిల్లల మీద హింస, నిర్లక్ష్యం జరక్కుండా చూడటం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటని చదివాక మీ ఇంట్లో కంగారు మొదలైంది. "ఏదో ఒకటి రాసుకుపోయి బిడ్డను పట్టుకుపోతే?" అని మీ అత్తగారు అంటున్నారు.

ఆవిడ భయాన్ని తీసిపారేయకండి. 2012లో నార్వేలో కొడుకును హింసించారన్న కేసులో ఒక తెలుగు జంటకు జైలు శిక్ష పడిన వార్త మన ఇళ్ళల్లో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. అయితే ఈ నర్సు పిల్లల సంరక్షణ శాఖ మనిషి కాదు. డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెన్నెత్ డాడ్జ్ బృందం 2008లో ఇక్కడ ఈ పని మొదలుపెట్టింది, కౌంటీలో పుట్టిన ప్రతి బిడ్డ ఇంటికీ ఒక నర్సు వెళ్ళాలని. జీతమెంతో, ఇన్సూరెన్స్ ఏమిటో చూడరు, డబ్బు తీసుకోరు. అనుమానమున్న ఇళ్ళకే వెళ్తే తలుపు తీయడానికి ఎవరికైనా నామోషీగా ఉంటుంది. డాక్టర్ల ఇళ్ళకూ, సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళకూ, హోటల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళకూ వెళ్తుంటే ఇక ఎవరికీ మచ్చ ఉండదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

వచ్చినావిడ ముందు పాపను తూచింది, బొడ్డు చూసింది. తర్వాత నా బీపీ చూసింది, కుట్లు ఎలా ఉన్నాయని అడిగింది. పురుడయ్యాక అందరూ బిడ్డనే అడుగుతారు, బాలింతను అడిగేవాళ్ళు తక్కువ. ఆ తర్వాత పది ప్రశ్నల కాగితం ఇచ్చింది. పురుడయ్యాక వచ్చే మానసిక దిగులును కనిపెట్టడానికి ఇచ్చేది. ఎడిన్‌బరో ప్రశ్నావళి అంటారు, 1987 నుంచీ వాడుకలో ఉంది. ఈ వారంలో నవ్వగలిగారా, కారణం లేకుండా భయమేసిందా, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనిపించిందా, ఇలా ఉంటాయి. నేను ఉన్నదున్నట్టు రాశాను. ఊరికే ఏడుపొస్తోందనీ, పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టట్లేదనీ చెప్పాను. దాన్ని తప్పుగా రాసుకోలేదు. అక్కడే కూర్చుని డాక్టరుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ఇప్పించింది, తర్వాత మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుంది. మీకూ ఆ కాగితం ఇస్తారు. "అన్నీ బాగానే ఉన్నాయండీ" అని నింపేయకండి.

ఇక ఏడుపు సంగతి. హింస నివారణ అనే పెద్ద మాటకు అసలు అర్థం నాకు ఇక్కడే తెలిసింది. పాలు తాగి, డైపర్ మార్చుకుని, జ్వరం లేకుండా కూడా పిల్లలు గంటల తరబడి ఏడుస్తారు. రెండో వారం నుంచి పెరిగి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. నిద్రలేని తల్లో తండ్రో విసిగిపోయి బిడ్డను పట్టి ఊపేసే ప్రమాదం ఎక్కువగా ఈ రోజుల్లోనే. మెడ నిలవని బిడ్డను అలా కుదిపితే మెదడులో రక్తస్రావమవుతుంది, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అలా చేసేవాళ్ళంతా క్రూరులేం కాదు, చాలామంది అలసిపోయిన మామూలు మనుషులు. నర్సు మా ఆయన వైపు చూసి చెప్పింది: "మీకు కోపం వస్తుంది. వచ్చినప్పుడు పాపను క్రిబ్‌లో వెల్లకిలా పడుకోబెట్టి, పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళండి. ఏడిస్తే ఏమీ కాదు." కోపం వస్తుందని ముందే ఎవరో ఒప్పుకున్నందుకు ఆయన మొహంలో కనిపించిన ఊరట నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఎన్నో రాత్రుళ్ళు మేమిద్దరం ఆ పది నిమిషాలు వాడుకున్నాం. కాబట్టి నర్సు వచ్చే రోజు మీవారు తప్పకుండా ఇంట్లో ఉండాలి.

మా అమ్మ ఆ రోజు ఇంట్లోనే ఉంది. నర్సు ఫోన్లో తెలుగు దుబాసీని పెట్టి ఆవిడతో నేరుగా మాట్లాడింది. నూనె రాసి నలుగు పెట్టడం, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం హాయిగా చేసుకోమంది. సాంబ్రాణి పొగ బిడ్డకు దూరంగా ఉంచమంది. ఏడాదిలోపు తేనె నాకించొద్దనీ, ముక్కులో నూనె చుక్కలు వేయొద్దనీ, కాటుకలో సీసం ఉండొచ్చనీ చెప్పింది. పాప నిద్రపోయేటప్పుడు ఆవాల దిండు తీసేయమంది. అమ్మకు ఆ దిండు దగ్గర మనసు కష్టమైంది. ఊపిరాడకపోవడం ఎలా జరుగుతుందో ఓపిగ్గా చెప్పాక తనే తీసి పక్కన పెట్టింది. అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి. అత్తగారికి మీరో మీవారో అనువాదం చేస్తే ఆవిడ అడగాల్సినవి అడగరు.

మన పిల్లల గురించి ఒక ముఖ్యమైన విషయం. చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలి మచ్చలుంటాయి. తెలియనివాళ్ళకు అవి దెబ్బల్లా కనిపిస్తాయి. మా పాపకున్నవి నర్సు చూసి కాగితంలో రాసింది, పిల్లల డాక్టరు రికార్డులో కూడా ఎక్కించమంది. రేపు డేకేర్‌లో ఎవరైనా అనుమానపడితే అదే మీకు ఆధారం. మీ అత్తగారు రాసుకుపోతారని దేనికి భయపడుతున్నారో, ఆ రాతే ఇక్కడ మీకు అండ.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అంటే, చేస్తుందని చెప్పడానికి లెక్కలున్నాయి. డర్హమ్‌లో మొదట్లో సరి తేదీల్లో పుట్టిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, బేసి తేదీల వాళ్ళతో పోల్చారు. ఐదేళ్ళు నిండేసరికి, సరి తేదీల వైపు హింస, నిర్లక్ష్యం అనుమానంతో జరిగిన విచారణలు 39 శాతం తక్కువ. దీనికన్నా ముందే, 1970ల చివర్లో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు 400 మంది తల్లులతో ఇంకా పెద్ద పని చేశారు. కొందరి ఇళ్ళకు గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్ళొచ్చేదాకా నర్సులు వెళ్ళారు. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే ఆ ఇళ్ళల్లో హింస, నిర్లక్ష్యం కేసులు 48 శాతం తక్కువ. అయితే భర్త చేతిలో దెబ్బలు ఎక్కువగా తింటున్న తల్లుల విషయంలో మాత్రం ఆ ఫలితం కనబడలేదు. నర్సు మిమ్మల్ని ఒంటరిగా ఉన్నప్పుడు "ఇంట్లో మీకు భయంగా ఉందా" అని అడిగితే, మర్యాద కోసం దాటేయొద్దు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బిడ్డకు నిజంగా హాని జరుగుతోందనిపిస్తే నర్సు ఫిర్యాదు చేయాల్సిందే. నార్త్ కరోలినా చట్టం ప్రకారం ఆ బాధ్యత నర్సుకే కాదు, పక్కింటివాళ్ళకూ, మీకూ నాకూ ఉంది. నర్సును రానివ్వకపోతే తప్పేది కాదది. సింకులో గిన్నెలు పేరుకున్నాయనో, తల్లి ఏడుస్తోందనో కేసు పెట్టరు.

మీ అత్తగారికి ఆశా కార్యకర్తను గుర్తు చేయండి. గుంటూరు దగ్గర మా వదినకు ఆస్పత్రిలో పురుడయ్యాక ఆశా అమ్మాయి 3, 7, 14, 21, 28, 42వ రోజుల లెక్కన ఇంటికొచ్చి బిడ్డను తూచి వెళ్ళేది. ఇంట్లో ఎవరూ దాన్ని విచారణ అనుకోలేదు, టీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళు.

నర్సు వచ్చేలోపే మనసు మరీ బాగోకపోతే ఆగొద్దు. 1-833-852-6262కు ఫోన్ చేయండి. గర్భిణులకూ బాలింతలకూ అమెరికా ప్రభుత్వం నడిపే ఉచిత లైను, రాత్రి పగలు పలుకుతారు. మీవారూ చేయొచ్చు.