రక్షణకు ముందు చేసిన పాపాలు పాస్టర్ కావడానికి అడ్డమా?

వందనాలు బ్రదర్. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: రక్షణకు ముందు, అంటే మారుమనస్సు పొంది క్రీస్తును నమ్ముకోకముందు, తాగి తిరిగారు, ఒక కొట్లాట కేసు కూడా నడిచి కొట్టేశారు. ఇప్పుడు బైబిల్ కాలేజీ పూర్తయింది, సంఘం సేవకు పిలుస్తోంది. కమిటీలో ఒకాయన మాత్రం, పౌలు తిమోతికి రాసిన మొదటి ఉత్తరంలో సంఘ నాయకుడు "నిందారహితుడు" కావాలన్న మాట పట్టుకుని అడ్డం పడుతున్నాడు. అంతేకదా?

నేను బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక చిన్న తెలుగు సంఘంలో తొమ్మిదేళ్ళు సంఘపెద్దగా ఉన్నాను. పాస్టర్‌ను నియమించడంలో ఒకసారి ఘోరంగా తప్పు చేశాం. సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, అందుకే రాస్తున్నాను.

గతం దానికదే అడ్డం కాదు. నిందారహితుడంటే ఎన్నడూ పాపం చేయనివాడని అర్థమైతే, ఆ ఉత్తరం రాసిన పౌలే పనికిరాడు. తాను దూషకుణ్ణి, హింసకుణ్ణి అని అందులో మొదటి అధ్యాయంలోనే చెప్పుకున్నాడు. మూడో అధ్యాయంలో అడిగేదంతా ఇప్పుడెలా ఉన్నావనే: తాగుబోతు కాకూడదు, కొట్టేవాడు కాకూడదు, డబ్బు మీద ఆశ ఉండకూడదు. కొత్తగా చేరినవాడు కాకూడదని కూడా అక్కడే ఉంది. మీరు తాగుడు మాని ఎన్నాళ్ళయిందో రాయలేదు. ఏడాది కూడా కాకపోతే ఆ కమిటీ ఆయన మాట వినడమే మంచిది.

ఇక మా కథ. మేము పెట్టుకున్న పాస్టర్ అయ్యగారు వాక్యం చెబితే హాలంతా నిశ్శబ్దం. సాక్ష్యం మొదలుపెడితే తాగుడు, పేకాట, భార్యను కొట్టడం, ఏదీ దాచేవాడు కాదు. ఇంత విప్పి చెప్పేవాడి దగ్గర ఇంకేం ఉంటుందిలే అనుకున్నాం. రెండు నెలల్లో హస్తనిక్షేపణ (తల మీద చేతులుంచి పాస్టర్‌గా నియమించడం) అయిపోయింది. ఎవరి మీదా త్వరపడి చేతులుంచొద్దన్న మాట (1 తిమోతి 5:22) నేనే ఒకసారి యూత్ మీటింగులో చెప్పినవాణ్ణి!

ఏడాది తిరిగాక ఒక ఆదివారం కుప్పం నుంచి రైల్లో ఒక పెద్దామె వచ్చింది. ఆరాధన అయ్యేదాకా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కదలకుండా కూర్చుంది. అందరూ లేచాక బట్టల షాపు కవర్లోంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. నెలనెలా కట్టిన చీటీ డబ్బు, పక్కన మా అయ్యగారి సంతకం. మొత్తం 85 వేలు. ఊళ్ళో చీటీలు నడిపి, చెప్పకుండా ఇక్కడికి వచ్చేశాడట. ఆమెలాంటివాళ్ళు ఇంకో ముగ్గురు.

ఆయన్ని పిలిచి అడిగితే, "అదంతా రక్షణకు ముందు సంగతి బ్రదర్, ప్రభువు క్షమించాడు" అన్నాడు. ఆమె వింటూనే ఉంది. "క్షమించినాడేమో నాయనా. నా దుడ్లు దేవుడెత్తుకోలేదు గదా" అంది.

పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మాకు ఆ రోజు దాకా తట్టలేదు. స్టేజీ మీద చెప్పే పాపాలు వేరు, అప్పు ఎగ్గొట్టిన పాపం వేరు. మొదటిదానికి హల్లెలూయా వస్తుంది, రెండోదానికి మనుషులు నోటుబుక్కు పట్టుకుని వస్తారు. బయటివాళ్ళ దగ్గర మంచి సాక్ష్యం ఉండాలని అదే మూడో అధ్యాయం ఏడో వచనంలో ఉంది. మేము "నిందారహితుడు" అన్న రెండో వచనం దగ్గరే ఆగిపోయి, కుప్పానికి ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

ఆయన్ని సేవ నుంచి దించాక, ఆయన చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవాళ్ళకు టెన్షన్ పట్టుకుంది, మాది చెల్లుతుందా అని. ఇది పాత గొడవే. 303లో రోమా చక్రవర్తి డయొక్లీషియన్ హింస మొదలుపెట్టినప్పుడు కొందరు సేవకులు భయపడి లేఖనాలు అధికారులకు అప్పగించేశారు. అలాంటివాళ్ళు చేసింది చెల్లుతుందా అన్నది 314లో ఆర్ల్ పట్టణంలో (ఇప్పటి ఫ్రాన్సులో ఉంది) బిషప్పుల సభ తేల్చింది: ఆ పని చేసినట్టు సర్కారు రికార్డుల్లో రుజువైనవాణ్ణి తీసేయాలి, వట్టి మాటలు చాలవు, కానీ అతను ఇచ్చిన అభిషేకాలు (వేరేవాళ్ళను సేవకులుగా నియమించడం) చెల్లుతాయి. ఆ లెక్కనే మీ బాప్తిస్మమూ చెల్లుతుందని మా వాళ్ళకు చెప్పాను.

మీ కమిటీ ఆయన దగ్గర కూడా పుకార్లే ఉంటే, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్ద మీద ఆరోపణ తీసుకోవద్దన్న మాట (1 తిమోతి 5:19) చూపించండి. అయితే ఆయన తవ్వేలోపు మీరే చెప్పేయడం మేలు. కేసు కొట్టేసిన ఆర్డర్ కాపీ పెట్టండి. ఆ కొట్లాటలో దెబ్బ తిన్నవాడి ఇంటికి ఒకసారి వెళ్ళి రండి, ఆ మాటా కమిటీకి చెప్పండి. యెరూషలేములో సౌలును, అంటే ఈ పౌలునే, ఎవరూ నమ్మకపోతే బర్నబా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. మీ పాత రోజులూ ఇప్పటి రోజులూ తెలిసిన అలాంటి మనిషి ఒకరు మీకూ కావాలి.

ఒక్క రకం గతం మాత్రం ఈ లెక్కలో లేదు. పిల్లల మీద లైంగిక నేరమైతే అది కమిటీలో, ప్రార్థనలో తేల్చే విషయం కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. మీ ప్రశ్న అది కాదు, చదివే ఇతర కమిటీలవాళ్ళ కోసం రాశాను.

మా అయ్యగారు ఇప్పుడు హోస్కోటె దగ్గర ఒక గోడౌన్లో పనిచేస్తున్నాడు. ముందు ఆ పెద్దామెది తీర్చమని మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. నెలకు మూడు వేల చొప్పున 54 వేలు ముట్టాయి. అన్నీ తీరాక మళ్ళీ ప్రసంగ పీఠం ఎక్కనిస్తారా అని కొందరు నన్నడుగుతున్నారు. నా ఓటు ఎటో ఇంకా తేల్చుకోలేదు. పోయిన నెలది మూడు రోజులు లేటయితే ఆమె నాకే ఫోన్ చేసింది, చీటీ నేనే నడిపినట్టు.